పాత ఆయిలు ఎక్కడికి పోతుంది?

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని మనకో సామెత ఉంది. ఇరుసు ఎండిపోయిన ఎద్దుబండి చక్రం పెట్టే కీచురాగాన్ని సంగీతం అనడంలో ఉన్న వెటకారం నాకు భలే ఇష్టం. గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి కందెన చేసి, గొట్టంలో పోసి బండికే వేలాడదీసుకునేవాళ్ళు. దారిలో చక్రం పాట ఎత్తుకోగానే దిగి, ఇరుసుకి కాస్త పూసి, మళ్ళీ ఎక్కి కూచునేవాళ్ళు. ఒక్క విషయం గమనించారా? ఇందులో కందెన వేయడం ఉంది కానీ మార్చడం లేదు. పాత కందెన ఏమైందని ఎవరూ అడగలేదు. అది దారి పొడుగునా ఎక్కడో రాలిపోయింది, అంతే.

మోటారు సైకిలు కూడా మొదట్లో సరిగ్గా ఇలాగే బతికింది. ఆ కథే ఇప్పుడు చెప్పబోయేది. "బండికి ఆయిలు, ఫిల్టరు మార్చడానికి కూడా చరిత్రా?" అనకండి. ఉంది. అందులో మన ఆముదం ఉంది, మద్రాసు బుల్లెట్టు ఉంది, మా ఇంటికి దగ్గర్లో మట్టిలో కలిసిపోయిన ఒక ఊరు కూడా ఉంది. నేనుండేది అమెరికాలో, మిస్సోరీ రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ దగ్గర. వారమంతా సాఫ్టువేరు, శనివారం పొద్దున గరాజ్‌లో 1975 నాటి హోండా సీబీ 750. దాని ఆయిలు నేనే మార్చుకుంటాను. "ఎందుకండీ చేతులు నల్లగా చేసుకోవడం, షాపులో పడేస్తే పోదూ?" అంటారు ఇక్కడి మన మిత్రులు. షాపుకిచ్చినా తప్పేమీ లేదు. కాకపోతే సొంతంగా చేసుకునేవాడు ఒక ప్రశ్న నుంచి తప్పించుకోలేడు. పళ్ళెంలోకి దిగిన ఈ మూడు లీటర్ల నల్లటి ద్రవాన్ని ఇప్పుడేం చెయ్యాలి?

ఈ ప్రశ్న వందేళ్ళ కిందట మోటారు సైకిలు నడిపినవాడికి రాలేదు. ఎందుకు రాలేదో చూద్దాం.

1900ల తొలి సంవత్సరాల బళ్ళలో పెట్రోలు ట్యాంకు పక్కనే, లేదా అందులోనే ఒక అరలో, ఆయిలు ఉండేది. దానికో చిన్న చేతి పంపు. నడిపేవాడు కొన్ని మైళ్ళకోసారి ఆ పిడి లాగి నొక్కాలి. ఒక దెబ్బకి కాస్త ఆయిలు ఇంజను అడుగుకి దిగుతుంది. తిరిగే క్రాంకు దాన్ని అటూ ఇటూ చిమ్ముతుంది, పిస్టనూ బేరింగులూ తడుస్తాయి. ఎక్కువ నొక్కితే వెనకాల పొగ, ప్లగ్గు మీద మసి. తక్కువ నొక్కితే ఇంజను పట్టేస్తుంది. ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఒక దెబ్బ అదనంగా కొట్టాలా వద్దా అన్నది పూర్తిగా మనిషి అనుభవం మీద ఆధారపడిన వ్యవహారం. తర్వాత బర్మింగ్‌హామ్‌లోని బెస్ట్ అండ్ లాయిడ్ లాంటి కంపెనీలు కాస్త మెరుగైన ఏర్పాటు చేశాయి. చిన్న గాజు కిటికీలోంచి ఆయిలు చుక్క చుక్కగా పడుతూ కనిపిస్తుంది, చుక్కల వేగం మనమే సరిచేసుకోవచ్చు. ఆసుపత్రిలో సెలైను సీసా లాగా అన్నమాట. ఆ తర్వాత ఇంజనే తిప్పే చిన్న పంపులొచ్చి చేతికి పని తప్పించాయి.

ఏది వాడినా, లోపలికెళ్ళిన ఆయిలు తిరిగి వచ్చేది కాదు. కొంత కాలి పొగై పోయేది, కొంత సందుల్లోంచి కారి రోడ్డు మీద పడేది. ఇంగ్లీషులో ఈ పద్ధతిని టోటల్ లాస్ అంటారు. అంటే మొత్తం నష్టం. పేరు పెట్టడంలో వాళ్ళ నిజాయితీకి మెచ్చుకోవాలి! ఆయిలు ఎప్పుడూ కొత్తదే కాబట్టి ఫిల్టరు అక్కర్లేదు, మార్చే పనీ లేదు. పాత ఆయిలు అనే వస్తువే లేదు. నిజానికి ఉంది, కాకపోతే ఊరందరికీ పంచేసేవాళ్ళు.

ఆ కాలంలో ఇంజన్లకి ఆముదం వాడేవాళ్ళంటే ఇప్పటి కుర్రాళ్ళు నవ్వుతారు. కానీ వేడికి పలచబడిపోకుండా లోహాన్ని అంటిపెట్టుకుని ఉండటంలో అప్పటి ఖనిజ నూనెలు ఆముదానికి సాటి రాలేదు. 1899లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ లండన్‌లో కందెన నూనెల కంపెనీ పెట్టాడు. మోటారు బళ్ళకీ, కొత్తగా ఎగరడం నేర్చుకుంటున్న విమానాలకీ ఆముదం కలిపిన నూనె ఒకటి తయారుచేసి, 1909లో దానికి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టారు. క్యాస్టర్ అంటే ఆముదమే కదా. మన బళ్ళ షెడ్లలో ఆకుపచ్చ, ఎరుపు రంగుల ఆ బోర్డు చూస్తూ పెరిగిన మనలో ఎంతమందికి తట్టింది, ఆ పేరులో ఉన్నది మన ఆముదమేనని?

మొదటి ప్రపంచ యుద్ధంలో నోమ్, లె రోన్ లాంటి రోటరీ ఇంజన్లున్న విమానాలు ఆముదం మీదే ఎగిరాయి. వాటిల్లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం క్రాంకు గదిలోంచే వెళ్ళేది. ఖనిజ నూనె అయితే ఆ పెట్రోల్లో కరిగిపోతుంది, ఆముదం అంత తేలిగ్గా కరగదు. అదీ టోటల్ లాసే. కాలీ కాలని ఆముదం పైలట్ ముఖాన కొట్టేది. వాళ్ళ కడుపుల సంగతి మీ ఊహకే వదిలేస్తున్నాను. 1918లో అమెరికా సైన్యం విమానాల కోసం సొంతగడ్డ మీద ఆముదం పండించాలనుకున్నప్పుడు విత్తనాలు ఓడలో తెప్పించుకున్నది మన దేశం నుంచే. పాలమూరు, నల్గొండ మెట్ట చేలల్లో తరతరాలుగా కనిపించే పంటకి అంతటి గిరాకీ వచ్చిన రోజులవి.

ఆముదంలో ఒక లోపం ఉంది. వేడికి ముదిరి జిగురుగా మారుతుంది. పందెం బండికైతే పరవాలేదు, ప్రతి పందేనికీ ఇంజను విప్పి శుభ్రం చేస్తారు. రోజూ ఆఫీసుకెళ్ళే బండికి అది కుదరదు. కొనేవాడు జేబు చూసుకుంటాడు, పొగ చూస్తాడు, పాంటు మీద మరకలు చూస్తాడు. పారబోసే పద్ధతి పోయి తిప్పి వాడే పద్ధతి వచ్చింది. పంపు ఒకవైపు ఆయిలుని బేరింగులకి తోస్తుంది, ఇంకోవైపు కిందికి జారినదాన్ని తోడి మళ్ళీ ట్యాంకులోకి పంపుతుంది. 1920లు, 30లలో ఒక్కొక్క కంపెనీ ఇందులోకి మారింది. హార్లే డేవిడ్‌సన్ వాళ్ళు 1936 ఈఎల్ మోడల్‌తో మారారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళయితే ఆయిలు ట్యాంకుని విడిగా పెట్టకుండా ఇంజను పోతలోనే ఒక గదిగా చేసేశారు. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్టులో ఉన్నదీ ఆ ఏర్పాటే.

నా దృష్టిలో అసలు మలుపు ఇది. ఆయిలు తిరిగి రావడం మొదలైన నాడే ఆయిలు మార్చడం అనే పని పుట్టింది. ఎందుకంటే వచ్చేటప్పుడు ఒంటరిగా రాదు. ఇనుప రజను, మసి, పెట్రోలు తడి, మంట నుంచి పుట్టిన నీరు, ఆమ్లాలు, అన్నీ వెంటబెట్టుకుని వస్తుంది. ఇంతకుముందు రోడ్డు మీద చల్లిన చెత్తంతా ఇప్పుడు ఒక్కచోట పోగవుతోంది. మా వృత్తిలోవాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, వాడిన మెమరీని వదిలేసుకుంటూ పోయే ప్రోగ్రాముకి దాన్ని ఊడ్చుకోవడం నేర్పారు. ఊడ్చిన చెత్త పొయ్యడానికి మాత్రం చోటు చూపించలేదు.

చెత్తని పట్టడానికి ఫిల్టరొచ్చింది. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ కార్లకోసం తయారుచేసిన ఆయిలు ఫిల్టరుకి ప్యూరొలేటర్ అని పేరు. మోటారు సైకిళ్ళకి అది రావడానికి చాలా కాలం పట్టింది. చాలా బళ్ళు ఇత్తడి జల్లెడతోనే సరిపెట్టుకున్నాయి. టీ వడకట్టే జల్లెడ ఆకుని ఆపుతుంది కానీ మట్టిని ఆపదు కదా! పాత బుల్లెట్టులో ఒత్తైన ఉన్ని గుడ్డ లాంటి ఫిల్టరు ఉండేది. హోండా వాళ్ళు 1960లలో ఇంకో ఉపాయం చేశారు. గిర్రున తిరిగే ఒక చిన్న గిన్నెలోంచి ఆయిలుని పంపితే, బరువైన రజను అంచుకి కొట్టుకుని అక్కడే పేరుకుంటుంది. కవ్వంతో చిలికితే వెన్న విడిపోయినట్టు అనుకోండి. కాయితం అక్కర్లేదు, కొనే పనిలేదు. ఏడాదికో రెండేళ్ళకో మూత విప్పి గిన్నె తుడిస్తే చాలు. 1985లో మన దేశంలోకి వచ్చిన హీరో హోండా సీడీ 100లో ఉన్నదీ ఈ గిన్నే, దానికి తోడుగా ఒక జల్లెడ. తర్వాతొచ్చిన స్ప్లెండర్‌లోనూ అంతే. "స్ప్లెండర్‌కి ఫిల్టరు ఎక్కడుంది?" అని ఎవరైనా అడిగితే జవాబు ఇది: ఉంది, కొత్తది వెయ్యరు, కడుగుతారు.

1968 చివర్లో టోక్యో ప్రదర్శనలో కనబడి 1969లో అమ్మకానికొచ్చిన సీబీ 750తో హోండా వాళ్ళు కార్ల పద్ధతికి మారారు. నాలుగు సిలిండర్లు, 736 సీసీలు, 67 గుర్రాల బలం. ఇంజను ముందు, ఎగ్జాస్టు గొట్టాల మధ్య, గాలి తగిలే చోట ఒక గుండ్రటి గిన్నె ఉంటుంది. అందులో మడతల కాయితం ఫిల్టరు. కుడిపక్క ప్యానెల్ వెనక ఆయిలు ట్యాంకు. మొత్తం మూడున్నర లీటర్లు పడుతుంది. మార్చినప్పుడు దాదాపు మూడు లీటర్లు దిగుతుంది.

ఇక పని. బండిని పది నిమిషాలు తిప్పి తేవాలి. చల్లటి ఆయిలు చిక్కగా ఉండి మురికిని లోపలే వదిలేసి వస్తుంది, గోరువెచ్చని ఆయిలు దాన్ని మోసుకొస్తుంది. సెంటర్ స్టాండు వెయ్యాలి. డ్రైన్ బోల్టులు రెండుంటాయి, ఒకటి ట్యాంకు అడుగున, ఒకటి ఇంజను అడుగున. కొత్తగా ఈ బండి కొన్నవాళ్ళు ఒకటే విప్పి అయిపోయిందనుకుంటారు. రెండూ విప్పితేనే మొత్తం దిగుతుంది. తర్వాత ముందున్న ఫిల్టరు గిన్నె. దాన్ని పట్టి ఉంచేది మధ్యలో ఒక పొడుగాటి బోల్టు, తల 12 మిల్లీమీటర్లు. యాభై ఏళ్ళుగా ఎవరెవరో కొత్త కొత్త పానాలు పెట్టి తిప్పిన తల అది, అంచులు అరిగిపోయి ఉంటుంది. ఆరు పలకల సాకెట్టు నిండుగా కూచోబెట్టి, నెమ్మదిగా తిప్పాలి. రెంచి జారిందంటే తల గుండ్రమైపోయినట్టే.

గిన్నెలో ఒక స్ప్రింగు, దాని మీద ఒక పలచటి వాషరు, దాని మీద ఫిల్టరు. ఈ బండి గురించి తెలిసినవాళ్ళంతా మొదట చెప్పేది ఈ వాషరు గురించే. అది ఆయిలు జిగురుతో పాత ఫిల్టరు అడుక్కి అంటుకుని ఉంటుంది, ఫిల్టరుతో పాటే చెత్తబుట్టలోకి పోతుంది. వాషరు లేకపోతే స్ప్రింగు నేరుగా కొత్త ఫిల్టరుని పొడుస్తుంది, అది సరిగ్గా కూచోదు, ఆయిలు వడకట్టుకోకుండానే పక్కనుంచి పోతుంది. బయటికేమీ తెలీదు. బండి బాగానే నడుస్తుంది, బేరింగులు మాత్రం లోపల్లోపల అరుగుతుంటాయి. అందుకే పాత ఫిల్టరు పారేసే ముందు దాని అడుగు వేలితో తడిమి చూడటం ఈ పనిలో ఒక సంప్రదాయం.

గిన్నె అంచుకీ, బోల్టుకీ కొత్త రబ్బరు రింగులు వేసి, పొగరుగా కాకుండా సరిపడా బిగించి, కొత్త ఆయిలు పోసి, రెండు మూడు నిమిషాలు ఇంజను నడపాలి. ఆయిలు లైటు ఆరాలి. తర్వాతే కొలవాలి, అదీ కొలపుల్లని మరలో బిగించకుండా ఊరికే ఆనించి. నెలల తరబడి నిలబెట్టిన బండిలో ట్యాంకులోని ఆయిలు మెల్లగా ఇంజను అడుగుకి జారిపోతుంది. అప్పుడు కొలిస్తే తక్కువ చూపిస్తుంది. "అయ్యో తగ్గింది" అని ఇంకో లీటరు పోస్తే, స్టార్టు చెయ్యగానే ఎక్కువైంది బయటికి తన్నుకొస్తుంది. బుల్లెట్టుకీ ఇదే తంతు, బుల్లెట్టు యజమానులకి చెప్పక్కర్లేదు.

సరే, ఇప్పుడు పళ్ళెంలోని నలుపు గురించి. "ఆయిలు నల్లబడింది, పాడైపోయింది" అంటాం. సగమే నిజం. 1930ల మధ్యలో క్యాటర్‌పిల్లర్ డీజిలు ట్రాక్టర్లలో పిస్టను రింగులు మసికి అతుక్కుపోయి ఇబ్బంది పెడుతుంటే, నూనె కంపెనీలు ఆయిల్లో సబ్బు లాంటి రసాయనాలు కలపడం మొదలెట్టాయి. అవి మసిని గోడలకి అంటనివ్వకుండా ఆయిల్లోనే తేలేలా పట్టుకుంటాయి. అంటే నల్లబడిన ఆయిలు పని చేస్తున్న ఆయిలు. గుడ్డ మురికైందంటే ఇల్లు తుడిచిందనే కదా అర్థం. మార్చాల్సింది రంగు కోసం కాదు. ఆ రసాయనాలు ఖర్చైపోతాయి, నీరూ ఆమ్లాలూ పెట్రోలూ కరిగి ఉంటాయి. వాటిని ఏ ఫిల్టరూ ఆపలేదు. ఫిల్టరుండగా ఆయిలు మార్చడమెందుకు అనే ప్రశ్నకి ఇదే జవాబు. దగ్గర దగ్గర తిరిగే బండికి ఆయిలు ఇంకా ముందే మార్చమనేది కూడా అందుకే, ఇంజను పూర్తిగా వేడెక్కక నీరు ఆవిరైపోదు.

మోటారు సైకిలుకి ఇంకో చిక్కు. పాత బుల్లెట్టులో ఇంజనుకి ఒక ఆయిలు, గేరుబాక్సుకి ఒకటి, క్లచ్చి ఉండే చెయిన్‌కేసుకి ఇంకొకటి. హోండా పద్ధతిలో ఈ మూడు కొంపలకీ ఒకే ఆయిలు. గేర్ల పళ్ళు ఆయిలు చిక్కదనాన్ని నలిపేస్తాయి. క్లచ్చి పలకలేమో ఆయిల్లో మునిగి ఉండి కూడా ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఇటు కార్ల ఆయిళ్ళు పెట్రోలు పొదుపు కోసం జారుడు పెంచే రసాయనాలతో రాసాగాయి. కారుకి మేలు, బండి క్లచ్చికి కీడు. అందుకే జపాన్ వాళ్ళు 1998లో మోటారు సైకిలు ఆయిళ్ళకి విడిగా జాసో ప్రమాణం పెట్టారు. డబ్బా వెనక ఎంఏ అని ఉంటే మునిగి ఉండే క్లచ్చికి పనికొస్తుంది. ఎంబీ అయితే స్కూటర్ల లాంటి వాటికి. పాత బండి ఉన్నవాళ్ళు డబ్బా ముందున్న బొమ్మ కాదు, వెనకున్న ఈ రెండక్షరాలు చూడాలి.

ఈ వందేళ్ళ కథలో ప్రతి మెట్టులోనూ మనిషి చేతిలోంచి ఒక పని జారిపోయింది. చేతి పంపు పోయింది, చుక్కలు లెక్కపెట్టడం పోయింది, జల్లెడ కడగడం పోయింది. రెండు స్ట్రోకుల బళ్ళలో పెట్రోల్లో ఆయిలు కలిపే పని కూడా 1964లో యమహా వాళ్ళు ఆటోల్యూబ్ పంపుకి అప్పగించారు. సీడీ 100 ప్రకటన గుర్తుందా? ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్. అది పెట్రోలు గురించి చెప్పిన మాట. మన జనం దాన్ని ఆయిలుకి కూడా అన్వయించుకున్నారు! చివరికి మనిషికి మిగిలిన పని ఒక్కటే. వాడేసినదాన్ని ఎక్కడ పొయ్యాలో తేల్చడం. దాన్ని మాత్రం ఏ పంపూ మన చేతిలోంచి తీసుకోలేదు.

ఆమధ్య తణుకు దగ్గర మా ఊరు వెళ్ళినప్పుడు, బాబాయి కొడుకు స్ప్లెండర్‌కి ఆయిలు మారుస్తున్న మెకానిక్కుని అడిగాను, దించిన ఆయిలు ఏం చేస్తారని.

"సెంట్రింగోళ్ళు పట్టుకెళ్తారండి, రేకులకి రాయడానికి. గుమ్మాలకి చెద పట్టకుండా రాసుకుంటారండి. మిగిలింది డ్రమ్ము నిండాక కొనేవాడొస్తాడండి."

"కొన్నవాడు ఏం చేస్తాడు?"

"అది మనకెందుకండీ!"

అతన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. నిజానికి ఒక్క చుక్క వృథా చెయ్యని మనిషి. కానీ "అది మనకెందుకండీ" అనే మాట వినగానే నాకు మా ఇంటి దగ్గరున్న ఊరు గుర్తొచ్చింది.

సెయింట్ లూయిస్‌కి నైరుతి దిక్కున, మెరమెక్ నది ఒడ్డున, పాత రూట్ 66 పక్కన, టైమ్స్ బీచ్ అనే ఊరుండేది. 1925లో సెయింట్ లూయిస్ టైమ్స్ అనే పత్రిక తన చందాలు పెంచుకోవడానికి వేసిన లేఅవుటు అది. 67 డాలర్ల 50 సెంట్లకి ఒక స్థలం, ఆర్నెల్ల పత్రిక. మొదట సెలవులకొచ్చే చోటుగా మొదలై, తర్వాత రెండు వేల మంది ఉండే మామూలు ఊరైంది. రోడ్లు మట్టివి. తారు వేయడానికి డబ్బుల్లేవు. దుమ్ము భరించలేక 1970ల మొదట్లో ఒక పాత ఆయిలు వ్యాపారికి కాంట్రాక్టు ఇచ్చారు, వచ్చి రోడ్ల మీద ఆయిలు చల్లి పొమ్మని. అది అప్పట్లో మామూలు పద్ధతే, ఎవరూ వింతగా చూడలేదు.

ఆ వ్యాపారి షెడ్ల నుంచి పాత ఇంజను ఆయిలు కొనేవాడు. దాంతోపాటు ఒక రసాయనాల ఫ్యాక్టరీ వ్యర్థాలు కూడా తీసుకెళ్ళడానికి ఒప్పుకున్నాడు. అందులో డయాక్సిన్ ఉంది. రెండూ కలిశాయి. 1971లోనే ఆ ఆయిలు చల్లిన గుర్రాల శాలల్లో పిట్టలు రాలిపోయాయి, గుర్రాలు చచ్చిపోయాయి. టైమ్స్ బీచ్ సంగతి బయటపడేసరికి 1982 వచ్చింది. ఆ డిసెంబరులోనే నదికి వరదొచ్చి ఊరు ఖాళీ అయింది. క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు, ఇక తిరిగి రావద్దన్నారు. 1983 ఫిబ్రవరిలో ఊరు మొత్తాన్ని కొనేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. 1985లో ఊరి పేరు లెక్కల్లోంచి తీసేశారు. 1996, 97లలో అక్కడే కొలిమి కట్టి, చుట్టుపక్కల చోట్లది కూడా కలిపి, 2,65,000 టన్నుల మట్టిని కాల్చారు. 1999 నుంచి అది రూట్ 66 స్టేట్ పార్కు. లోపల గడ్డి మొలిచిన పొడుగాటి దిబ్బ ఒకటుంటుంది. కూల్చిన ఇళ్ళు దాని కిందున్నాయి.

పూర్తి న్యాయంగా చెప్పాలంటే, ఆ ఊరిని పోగొట్టింది ఇంజను ఆయిలు కాదు, అందులో కలిసిన విషం. ఖాళీ చేయించమన్న అధికారుల్లో ఒకరైన వెర్నన్ హౌక్ కూడా 1991లో, ఇప్పటి జ్ఞానంతో అయితే ఆ సిఫారసు చేసి ఉండేవాణ్ణి కాదేమో అన్న అర్థంలో మాట్లాడాడు. సరే. కానీ విషం అంతదూరం ప్రయాణించింది దేని మీద ఎక్కి? పాత ఆయిలు మీద. అది ఎటు పోతోందో, ఎవరితో కలుస్తోందో అడిగే అలవాటు ఎవరికీ లేకపోవడం మీద. షెడ్డులో అమ్మినవాడికి అక్కర్లేదు, చల్లించుకున్నవాడికి దుమ్ము అణిగితే చాలు. "అది మనకెందుకండీ" అన్న మాటకి ఇంగ్లీషు అనువాదం అది.

చట్టాలు తర్వాత వచ్చాయి. ప్రమాదకర వ్యర్థాలు కలిసిన ఆయిలుని దుమ్ముకి చల్లకూడదని 1984లో చట్టం చేశారు. 1992లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పాత ఆయిలు మొత్తానికి నిబంధనలు పెట్టింది. ఆ సంస్థ చెప్పే లెక్క ప్రకారం ఒక్కసారి మార్చిన ఆయిలు పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచెయ్యగలదు. రెండో లెక్క ఇంకా ఆసక్తికరం. ఒక గ్యాలన్ పాత ఆయిలుని శుద్ధి చేస్తే రెండున్నర క్వార్టుల మంచి కందెన నూనె వస్తుంది, అంటే సగానికి పైగా. అంతే నూనె ముడిచమురు నుంచి తియ్యాలంటే 42 గ్యాలన్లు కావాలి. ఆయిలు అరిగిపోదండీ, మురికవుతుంది అంతే. మన దేశంలోనూ వాడిన ఆయిలు 1989 నుంచి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిలు తయారుచేసే కంపెనీలకే దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యత పెట్టారు. కాయితం మీద దారి ఉంది. ఆ దారిలోకి మా ఊరి డ్రమ్ము ఎక్కాలి.

చెయ్యాల్సింది పెద్దదేం కాదు. ఫిల్టరుని ఒక రాత్రంతా పళ్ళెం మీద బోర్లించి కారనివ్వండి, దాన్లోనూ చాలా ఆయిలు దాక్కుంటుంది. దించినదాన్ని కొత్త ఆయిలొచ్చిన డబ్బాల్లోనే తిరిగి పొయ్యండి. పెట్రోలు, బ్రేకు ఆయిలు, థిన్నరు లాంటివేవీ కలపకండి. ఏదైనా కలిస్తే శుద్ధి చేసేవాడికి అది పనికిరాదు, టైమ్స్ బీచ్ పాఠం కూడా అదే. అమెరికాలో అయితే చాలా విడిభాగాల దుకాణాల్లో ఉచితంగా తీసుకుంటారు. ఇంటి దగ్గర అయితే, అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికి ఇచ్చే షెడ్డు ఏదో అడిగి అక్కడ మార్పించుకోండి. ఖాళీ డబ్బా పారేసే ముందు కోసెయ్యండి, దొంగ ఆయిలు నింపి అమ్మేవాడికి దొరక్కుండా. అందరూ కోసేస్తారు, మంచి అలవాటు. డబ్బా ఎవరి చేతికి పోతుందో ఆలోచించే మనం, ఆయిలు ఎవరి చేతికి పోతుందో కూడా ఆ షెడ్డులో నిలబడి ఒక మాట అడగలేమా? నలుగురు అడిగితే, ఐదోవాడు అడగక ముందే మెకానిక్కు దగ్గర జవాబుంటుంది.